బెంగళూరులో రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటూ నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌లో తన ప్రొఫైల్‌ను ఒక్కసారి సవరించిన తెలుగు ప్రోగ్రామర్‌కు మరునాటి నుంచే రిక్రూటర్ల ఫోన్లు మొదలవుతాయి. మాట్లాడుతున్నది కంపెనీ ఉద్యోగా, కంపెనీల కోసం మనుషులను వెతికిపెట్టే కన్సల్టెన్సీ మనిషా అన్నది ముందుగా అడగాలి. కన్సల్టెన్సీ అయితే, కంపెనీ పేరు, ఉద్యోగ వివరణ మెయిల్‌లో వచ్చేదాకా రెజ్యూమే పంపవద్దు. ఒకే ఖాళీకి ఇద్దరు కన్సల్టెంట్లు మీ పేరు పంపితే, కమీషన్ ఎవరిదన్న తగవు ఎందుకని కంపెనీ మిమ్మల్నే పక్కన పెట్టవచ్చు. ‘మనవాళ్లమేనండీ’ అన్న పలకరింపు చెవికి హాయిగానే ఉంటుంది గానీ, అది మెయిల్‌కు బదులు కాదు.

అసలు చిక్కు జీతం దగ్గర వస్తుంది. సీటీసీలో, అంటే ఉద్యోగిపై కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, యాజమాన్యపు పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్, ఒక్కోసారి జాయినింగ్ బోనస్ కూడా కలిపి చూపుతారు. ఉదాహరణకు, 20 లక్షలని చెప్పినదానిలో 3 లక్షలు వేరియబుల్, 1 లక్ష బోనస్ అయితే, స్థిరమైన భాగం 16 లక్షలే. ఏడాదిలోపు మానేస్తే ఆ బోనస్‌ను తిరిగి కట్టాలన్న షరతు తరచుగా ఉంటుంది. కాబట్టి విడివిడి లెక్కను రాతపూర్వకంగా అడగండి.

నోటీసు గడువు 90 రోజులైతే దాచకుండా చెప్పండి. ఆఫర్ లెటర్ చేతికి రాకముందే రాజీనామా చేయవద్దు. లేని అనుభవాన్ని రెజ్యూమేలో చేర్చమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత సంఖ్య) ఖాతాలోని సర్వీస్ చరిత్ర దానిని ఇట్టే బయటపెడుతుంది. రిజిస్ట్రేషన్ పేరిట డబ్బు అడిగితే అక్కడే ఫోన్ పెట్టేయండి: నిజమైన రిక్రూటర్‌కు రుసుము చెల్లించేది కంపెనీయే.