డబుల్స్‌కు బారా ఒత్తేటప్పుడు

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో పొద్దున్నే తినే డబుల్స్ (రెండు బారాల్లో శనగల కూర) ఇంట్లో చేద్దామంటే, బారా, అంటే నూనెలో వేయించే మెత్తని చిన్న రొట్టె, పిండి చేతిని వదలదు. పొడి పిండి చల్లితే అది నూనెలో రాలి మాడుతుంది.

2 కప్పుల మైదా, చెంచా ఈస్టు, అర చెంచా చొప్పున పసుపు, జీలకర్ర పొడి, తగినంత ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్లతో బొబ్బట్ల పిండిలా సాగేలా కలపండి. గంట నాననివ్వండి. చేతులకు, పళ్లేనికి నూనె రాసుకుని, నిమ్మకాయంత ముద్దను వేళ్లతోనే అరచేయంత వెడల్పుగా ఒత్తండి. అప్పడాల కర్ర అక్కర్లేదు. ఒక్కో వైపు 10 సెకన్లు వేయించి, వెంటనే ఒకదానిపై ఒకటి పేర్చి గుడ్డ కప్పండి. ఆ ఆవిరికే దూదిలా మెత్తబడతాయి, నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే! ఇక రెండేసి బారాల్లో కాబూలీ శనగల కూర, పైన చింతపండు చట్నీ.

నూనె బాగా కాగకపోతే మాత్రం బారా నూనె పీల్చేస్తుంది. నూనెలో ఎక్కువసేపు ఉంచితే గట్టిపడి మడతపడదు.