మాస్టడాన్‌లో "ఏమీ కనబడటం లేదు": లక్షణం, కారణం, పరిష్కారం

ముందు ఒక ప్రశ్న. మీ ఖాతా ఏ సర్వర్‌లో ఉంది?

"మాస్టడాన్‌లో ఉంది" అనేది దీనికి జవాబు కాదు. కడప, కర్నూలు, అనంతపురం మిత్రుల్లో నాకు స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో సగం మందికి ఈ ఒక్క ప్రశ్నతోనే పని పూర్తవుతుంది, అయినా ఎవరూ ముందుగా ఇది చూసుకుని రారు. మాస్టడాన్ అనేది ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) లాగా పోస్టులు రాసుకునే చోట్లను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టాడు. దాన్ని ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని నడపవచ్చు, నడుపుతున్నారు కూడా. ఆ సర్వర్లన్నీ యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్ ద్వారా ఒకదానికొకటి పోస్టులు పంపుకుంటాయి. 2018లో వెబ్ ప్రమాణాలు తేల్చే సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన ప్రమాణం అది. మీ పూర్తి చిరునామాలో @ గుర్తు రెండుసార్లు వస్తుంది. ఒకటి మీ పేరుకు ముందు, మరొకటి సర్వర్ పేరుకు ముందు. ఆ రెండో భాగం లేకుండా పేరొక్కటే ఇస్తే, ఊరు రాయకుండా "రామాలయం వీధి" అని ఉత్తరం వేసినట్టే.

ఇది తెలుసుకున్నాక కిందికి రండి.

"పాస్‌వర్డ్ తప్పు అంటోంది"

పాస్‌వర్డ్ సరైనదే అయి ఉంటుంది. మీరు వేరే సర్వర్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఫోనులో అధికారిక యాప్ తెరవగానే మాస్టడాన్.సోషల్‌లో చేరమంటూ పెద్ద బటన్ కనిపిస్తుంది. చాలామంది అది నొక్కి చేరి, ఆ సంగతి మరిచిపోతారు. తర్వాత స్నేహితుడు తన సర్వర్ లింకు పంపితే అక్కడ లాగిన్ కావడానికి ప్రయత్నిస్తారు. మీ మెయిల్‌లో ఖాతా నిర్ధారణ ఉత్తరం వెతకండి, సర్వర్ పేరు అందులోనే ఉంటుంది. ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్‌లో చూడండి. కొన్ని సర్వర్లలో నిర్వాహకులు మీ దరఖాస్తు చదివి ఒప్పుకున్నాకే ఖాతా తెరుచుకుంటుంది. అలాంటి చోట కాస్త ఆగాలి. అంతేకానీ పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చోవద్దు.

"ఫాలో నొక్కితే మళ్లీ లాగిన్ అడుగుతోంది"

వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కారు, అది బ్రౌజర్‌లో తెరుచుకుంది. ఇప్పుడు మీరున్నది మీ మిత్రుడి సర్వర్‌లో, అక్కడ మీరు అతిథి. ఆ లింకును గానీ పూర్తి చిరునామాను గానీ కాపీ చేసి, మీ సర్వర్‌లోని వెతుకు పెట్టెలో అతికించండి. ప్రొఫైల్ అక్కడే తెరుచుకుంటుంది. అక్కడ ఫాలో నొక్కండి. నొక్కాక కూడా "అభ్యర్థన పంపాం" అనే దగ్గరే ఆగిపోతే, అవతలివారు ఒక్కొక్కరినీ చూసి ఒప్పుకునేలా పెట్టుకున్నారన్నమాట.

దీని తమ్ముడే ఇంకో ఫిర్యాదు: "ఏళ్ల తరబడి రాస్తున్నారు, నాకు మాత్రం పేజీలో రెండే పోస్టులున్నాయి." మీ సర్వర్‌లో ఎవరో ఒకరు ఆయన్ను ఫాలో అయినప్పటి నుంచే ఆయన పోస్టులు మీ సర్వర్‌కు క్రమం తప్పకుండా వస్తాయి. పాతవి కావాలంటే అసలు పేజీ తెరిచి చదువుకోవాలి. ఇందులో బాగుచేయడానికి ఏమీ లేదు.

"తెలుగువాళ్లు ఉన్నారన్నారు, ఒక్కరూ కనబడరు"

అసలు తలనొప్పి ఇది. చిరునామా సరిగ్గా ఉంటుంది, ఫాలో పడుతుంది, బ్లాకూ మ్యూటూ ఏమీ ఉండవు, అయినా పోస్టులు రావు. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక కూడా రాదు, అందుకే జనం నెట్‌వర్క్‌ను, సర్వర్‌ను, చివరికి ఒకరినొకరు అనుమానించుకుంటారు.

కారణం భాష చీటీ. మాస్టడాన్‌లో ప్రతి పోస్టుకూ ఒక భాష గుర్తు తగిలించి ఉంటుంది. మీరు ఏ లిపిలో రాశారన్నది దానికి పట్టదు. ఏమీ మార్చకపోతే, మీ తెర ఏ భాషలో ఉందో పోస్టుకూ అదే భాష గుర్తు పడుతుంది. మనలో ఎక్కువ మంది తెర ఇంగ్లీషులోనే ఉంటుంది. అంటే కడప బ్రౌన్ గ్రంథాలయం గురించి మీరు అచ్చ తెలుగులో రాసిన పోస్టు బయటికి ఇంగ్లీషు పోస్టుగా వెళ్తుంది.

ఇక చదివే వైపు చూడండి. సెట్టింగుల్లో "ఏ భాషల పోస్టులు కావాలి?" అనే జాబితా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు అక్కడ మాతృభాషాభిమానంతో తెలుగు ఒక్కదానికే టిక్కు పెడతారు. దాంతో, ఫాలో కాకపోయినా అందరి పోస్టులూ కనిపించే సర్వర్ బహిరంగ టైమ్‌లైన్లలో తెలుగు గుర్తు ఉన్న పోస్టులు తప్ప మిగతావన్నీ మాయమవుతాయి. తెలుగువాళ్లు రాసినవేమో ఇంగ్లీషు గుర్తుతో తిరుగుతుంటాయి. తెలుగు కావాలని టిక్కు పెట్టినందుకే తెలుగు కనబడకుండా పోయింది!

ఇదే తంతు మనిషి స్థాయిలోనూ జరుగుతుంది. కర్నూలులో ఒక మిత్రుడు పాత కథల గురించి రాస్తుంటాడు, మధ్యమధ్య ఇంగ్లీషులో క్రికెట్ కబుర్లు కూడా. అనంతపురంలో ఉన్న అతని బావకు క్రికెట్ గొడవ వద్దు. ప్రొఫైల్ మెనూలోకి వెళ్లి, ఈ మనిషి నుంచి తెలుగు పోస్టులు మాత్రమే రావాలని పెట్టుకున్నాడు. మిత్రుడి పోస్టులన్నిటికీ ఇంగ్లీషు గుర్తే ఉంది కాబట్టి కథలూ పోయాయి, క్రికెట్టూ పోయింది. "బావా, నన్ను మ్యూట్ చేశావా?" అని ఫోన్లో అలిగేదాకా వెళ్లింది వ్యవహారం.

రెండింటినీ వేరుచేసి గుర్తుపట్టడం తేలికే. ప్రొఫైల్ తెరిస్తే పోస్టులుండి, మీరు ఫాలో అయినవాళ్ల పోస్టులు వచ్చే హోమ్‌లో మాత్రం రాకపోతే, ఆ ఒక్క మనిషికి పెట్టిన భాష పరిమితిని చూడండి. హోమ్ బాగానే ఉండి, బహిరంగ టైమ్‌లైన్లు మాత్రం వెలవెలబోతుంటే, సెట్టింగుల్లోని భాషల జాబితాను చూడండి.

చదివేవాళ్లు చేయాల్సింది: యాప్‌లో వెతకవద్దు, బ్రౌజర్‌లో మీ సర్వర్ తెరిచి లాగిన్ అవండి. ప్రిఫరెన్సెస్‌లో "అదర్" అనే పేజీలో భాషల జాబితా ఉంటుంది. అందులో టిక్కులన్నీ తీసేయండి. ఏదీ ఎంచుకోకపోతే అన్నీ వస్తాయని దాని అర్థం. ఈ తిరకాసు చాలామందికి ఎక్కదు, ఖాళీగా వదిలేస్తే ఏమీ రాదేమోనని భయపడతారు. మనిషికి పెట్టిన పరిమితి కూడా అంతే: ఆ ప్రొఫైల్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి, భాషల ఎంపిక దగ్గర అన్నీ తీసేసి భద్రపరచండి.

రాసేవాళ్లు చేయాల్సింది ఇంకా ముఖ్యం. అదే ప్రిఫరెన్సెస్‌లో పోస్టింగ్ భాష అని ఉంటుంది. వెర్షన్‌ను బట్టి అది వేరే పేజీలో ఉండవచ్చు. అక్కడ "తెర భాషే" అన్నదాన్ని తీసి తెలుగు పెట్టండి. ఆ తర్వాత కూడా ఒక చోట జారిపోతారు, అది జవాబులు రాసే దగ్గర. వెబ్‌లో ఎవరి పోస్టుకైనా జవాబు రాస్తుంటే, ఆ పోస్టుకున్న భాష గుర్తే మీ జవాబుకూ వస్తుంది. ఇంగ్లీషు పోస్టు కింద తెలుగులో రాస్తే అది మళ్లీ ఇంగ్లీషు లెక్కలోకే పోతుంది. రాసే పెట్టె అడుగున భాష బటన్ ఉంటుంది, పంపేముందు ఒకసారి దానివైపు చూడండి. పాత పోస్టులను ఎడిట్ చేసి గుర్తు మార్చుకోవచ్చు. అన్నీ మార్చనక్కరలేదు, నలుగురూ చదవాలనుకున్నవి మార్చితే చాలు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు కూడా గుర్తు తెలుగే పెట్టాలి. భాష మారలేదు కదా.

"మా పోస్టులు అందరికీ కనబడుతూనే ఉన్నాయి, మాకెందుకీ గొడవ?" అనేవాళ్లకు ఒక మాట. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్, ఏ గొంతుతో చదవాలో ఈ గుర్తును చూసే ఎంచుకుంటుంది. తెలుగు పోస్టుకు ఇంగ్లీషు గుర్తుంటే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలతో కుస్తీ పడుతుంది, వినేవారికి ఒక్క ముక్కా అర్థం కాదు. అనువాదం బటన్ చూపించాలా వద్దా అన్నది కూడా సర్వర్ దీన్నిబట్టే తేల్చుకుంటుంది.

"కడప అని వెతికితే ఏమీ రాలేదు"

పోస్టుల్లోని మాటలను వెతికే సౌకర్యం అన్ని సర్వర్లలో ఉండదు. ఉన్నచోట కూడా, 2023లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి, మీరు రాసినవి, మీకు సంబంధమున్నవి మినహాయిస్తే, తమ పోస్టులు వెతుకులాటలో దొరకవచ్చని ఒప్పుకున్నవాళ్లవే దొరుకుతాయి. మీ పోస్టులు దొరకాలంటే ప్రొఫైల్ సెట్టింగుల్లో గోప్యత దగ్గర ఆ టిక్కు పెట్టండి. వెతకడానికి మాత్రం హ్యాష్‌ట్యాగే నమ్మకమైన దారి. ట్యాగు మధ్యలో ఖాళీ వదలవద్దు. #బ్రౌన్ గ్రంథాలయం అని రాస్తే ట్యాగయ్యేది మొదటి మాట ఒక్కటే. #బ్రౌన్_గ్రంథాలయం అని గీతతో కలపండి. మీ సర్వర్‌కు చేరిన పోస్టులే ట్యాగులోనూ కనిపిస్తాయి కాబట్టి, మరీ చిన్న సర్వర్‌లో ఉంటే పంట పలచగానే ఉంటుంది.

"సర్వర్ మారాను, నా పోస్టులన్నీ పోయాయి"

పోలేదు, పాత చోటే ఉన్నాయి. ఖాతా మార్పిడిలో మీతో వచ్చేది ఫాలోవర్లే. పోస్టులు రావు. ముందు కొత్త ఖాతాలో పాత చిరునామాను మారుపేరుగా నమోదు చేసి, ఆ తర్వాత పాత ఖాతా నుంచి మార్పిడి మొదలుపెట్టాలి. ఈ వరస తప్పితే మార్పిడి జరగదు. మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి కాబట్టి ఉత్సాహంలో రెండుసార్లు మారవద్దు.

మిగతావి అరుదు. రెండు సర్వర్లలో ఒకటి మరోదాన్ని నిషేధించి ఉండవచ్చు, సర్వర్ "అబౌట్" పేజీలో ఆ జాబితా పెట్టి ఉంటే చూసుకోండి. మీ మిత్రుడు నిజానికి బ్లూస్కై అనే వేరే సోషల్ నెట్‌వర్క్‌లో ఉండి ఉండవచ్చు. దాని ప్రోటోకాల్ వేరు, మధ్యలో వారధి సేవ పెట్టుకుంటే తప్ప ఇక్కడ దొరకడు. సర్వరే ఆగిపోయి ఉంటే రేపు చూడండి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే నాకు రాయండి. రాసేటప్పుడు ఇద్దరి పూర్తి చిరునామాలు, కనబడని పోస్టు లింకు, ఎడిట్‌లో తెరిచినప్పుడు భాష బటన్ మీద ఏముందో అది, ఈ మూడూ ఉండాలి. సగం తెగిపోయిన స్క్రీన్‌షాట్ ఒక్కటి పంపి "పని చేయట్లేదు" అంటే, నేను తిరిగి పంపేది పైన ఉన్న మొదటి ప్రశ్నే.