ఇల్లు వెతికే ముందు ఊరి గాలి చూడండి

ఒడిశాలో రాయగడ, బరంపురం, మహారాష్ట్రలో చంద్రపూర్... మన తెలుగువాళ్లున్న ఊళ్లలో ఎక్కడ స్థిరపడాలా అని చూస్తుంటే, అద్దె కంటే ముందు గాలి సంగతి తేల్చుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్‌లో చంద్రపూర్ అంకెలు దొరుకుతాయి. వానాకాలం అంకె చూసి మురిసిపోవద్దు, డిసెంబరు, జనవరి చూడాలి, చలికి పొగంతా కిందే ఉండిపోతుంది కాబట్టి. పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నటి ధూళి, ఏడాది సగటున ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. చంద్రపూర్‌లో 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు, పైగా 45 డిగ్రీలు దాటే ఎండలు. ఉద్యోగం అక్కడే అయితే తప్ప, పిల్లలతో వద్దనే అంటాను.

యాప్‌లో లేని ఊరైతే పెరట్లో తులసాకు మీద వేలితో రాసి చూడండి, నల్లటి మసి అంటితే ఇంకో వీధి, లేదా ఇంకో ఊరు చూసుకోవడమే.

నీళ్ల సంగతి మేలోనే తెలుస్తుంది. కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో, బోరు ఎన్ని అడుగులు దింపారో ఇంటి ఓనర్ని కాదు, పక్కింటి పిన్నిగార్ని అడగండి. రాయగడలో అయితే నాగావళి ఒడ్డుదాకా వెళ్లి, మురుగుకాల్వలు ఎక్కడ కలుస్తున్నాయో కళ్లారా చూడండి.

బడి, బజారు నడిచిపోయే దూరంలో ఉంటే బండి ఖర్చూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. చల్లదనం కావాలంటే ఒడిశాలోనే ఎత్తు మీదున్న కోరాపుట్, కాకపోతే మోకాళ్ల నొప్పులున్న పెద్దాళ్లకి ఆ ఎగుడుదిగుళ్లు కష్టం.