జ్యూరీ గదిలో 11 మంది ఒకవైపు, మీరొక్కరే ఒకవైపు ఉంటే ఏం చేయాలి

అమెరికాలో సిటిజన్‌షిప్ తీసుకున్న మన పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు పోస్టులో జ్యూరీ సమన్లు రావొచ్చు. జ్యూరీ అంటే కేసు విని ముద్దాయి దోషా కాదా తేల్చడానికి కోర్టు కూర్చోబెట్టే మామూలు పౌరులు, మామూలుగా 12 మంది. మా అన్నయ్య కొడుక్కి వచ్చినప్పుడు వాడు టెన్షన్ పడిపోయి ఫోన్ చేశాడు. "బాబాయ్, నువ్వు కోర్టులో పని చేశావు కదా, దీన్నుంచి ఎలా తప్పించుకోవాలో చెప్పు" అన్నాడు. నేను కోనసీమలో కోర్టు బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. తప్పించుకునే దారి చెప్పలేదు, వెళ్లి ఎలా కూర్చోవాలో చెప్పాను, దానికోసం నేనూ చాలా చదవాల్సి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన బుర్రలో ఉన్న ఏకగ్రీవం అనే మాటని కాసేపు పక్కన పెట్టండి. మన ఊళ్లలో సర్పంచ్ పదవి ఏకగ్రీవం అయిందంటే ఎలా అయిందో మనందరికీ తెలుసు, పెద్దమనుషులు కూర్చుంటారు, రెండో నామినేషన్ వేసినవాడి ఇంటికి రాత్రికి రాత్రి నలుగురు వెళ్తారు, పొద్దునకి వాడు ఉపసంహరించుకుంటాడు. అక్కడ కాదనేవాడి నోరు మూతపడితేనే ఏకగ్రీవం. పెద్ద నేరాల కేసుల్లో జ్యూరీ కూడా అంతా ఒక్క మాట మీద ఉండాలి, కానీ అది సరిగ్గా దీనికి ఎదురు. కాదనేవాడు ఒక్కడున్నా మిగతా 11 మంది ఆగి వాడి మాట విని తీరాలి, అందుకోసమే ఆ రూలు పెట్టారు.

ఆ రూలు ఊరికే రాలేదు. లూసియానా రాష్ట్రం 1898లో కొత్త రాజ్యాంగం రాసుకుంటూ 12 మందిలో 9 మంది ఒప్పుకుంటే చాలు, శిక్ష వేయొచ్చు అని పెట్టింది. జ్యూరీలో ఒకరిద్దరు నల్లజాతివాళ్లు కూర్చున్నా వాళ్ల మాటకి విలువ లేకుండా చేయడానికే అది, ఆ రాజ్యాంగం రాసిన సభలో తెల్లవాళ్ల ఆధిపత్యం కోసమే కూర్చున్నామని బాహాటంగా చెప్పుకున్నారు కూడా. తర్వాత దాన్ని 10 మందికి మార్చారు. ఒరెగాన్ కూడా 1934 నుంచి 10 మంది చాలన్నది. చివరికి 2020 ఏప్రిల్‌లో రామోస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పెద్ద నేరాల్లో ముద్దాయిని దోషి అనాలంటే ఏ రాష్ట్రంలోనైనా జ్యూరీ మొత్తం ఒక్క మాట మీద ఉండాల్సిందే అని తేల్చింది. రామోస్ అనే అతనికి 10 మంది ఒకవైపు, ఇద్దరు ఒకవైపు ఉండగానే యావజ్జీవం పడింది, పెరోల్ కూడా లేకుండా. ఆ ఇద్దరికీ కనపడిన అనుమానం ఏమిటో మిగతావాళ్లు వినాల్సిన అవసరమే లేకపోయింది, నన్ను కలచివేసేది అదే.

మన దేశంలో జ్యూరీ ఉన్న రోజుల్లో అందరూ ఒప్పుకోవాలనే నియమం లేదు. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారి మీద నడిచిన హత్య కేసులో 9 మంది జ్యూరర్లలో 8 మంది నిర్దోషి అన్నారు, ఒకరు కాదన్నారు, జడ్జిగారు ఆ తీర్పు ఒప్పుకోక హైకోర్టుకి పంపారు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక క్రిమినల్ కేసుల్లో జ్యూరీ అనేదే లేదు. అందుకే మనవాళ్లకి ఈ పని అలవాటు లేదు, ఇంట్లో చెప్పేవాళ్లూ లేరు.

ఇక పనిలోకి వద్దాం. సమన్లు వస్తే చెత్తబుట్టలో వేయొద్దు, ఊరుకుంటే జరిమానా పడొచ్చు. సిటిజన్ కానివాళ్లకి కూడా పొరపాటున వస్తుంటాయి, వాళ్లు ఆ ఫారంలో సిటిజన్ కాదని నిజం రాసి తిప్పి పంపితే సరిపోతుంది. "జ్యూరీకి రాలేదు, వెంటనే డబ్బు కట్టకపోతే అరెస్టు" అని ఫోన్ వస్తే మాత్రం అది మోసం, కోర్టు అలా ఫోన్‌లో డబ్బులు అడగదు. మీ ఆఫీసులో ముందే చెప్పండి. ఫెడరల్ కోర్టు, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టు, జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేదు.

ఎంపిక రోజు లాయర్లు, జడ్జి ప్రశ్నలు అడుగుతారు. మీ ఇంట్లో దొంగతనం జరిగిందా, మీ చుట్టాల్లో పోలీసులు ఉన్నారా, ఇలాంటివి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన యాస గురించి సిగ్గుపడక్కర్లేదు, అర్థం కాని మాట ఉంటే మళ్లీ చెప్పమని అడగండి.

విచారణ మొదలయ్యాక అన్నిటికంటే కష్టమైనది ఫోన్. రాత్రి ఇక్కడి నుంచి అమ్మ చేస్తుంది, "ఏం కేసురా, వాడు చేశాడా మరి?" అని. ఫ్యామిలీ గ్రూపులో పెద్దనాన్నలు, అత్తయ్యలు తీర్పులు చెప్పేస్తారు. తెలుగులో మాట్లాడితే అక్కడ ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. కేసు గురించి ఎవరితోనూ, భార్యతో గానీ భర్తతో గానీ కూడా, మాట్లాడకూడదు. నెట్‌లో వెతకకూడదు, ఆ చోటు చూసొద్దామని వెళ్లకూడదు. ఎందుకంటే మీరు బయట విన్నదాన్ని ముద్దాయి లాయరు ఒక్క ప్రశ్న కూడా వేసి పరీక్షించలేడు. ఇక్కడున్న తల్లిదండ్రులకి కూడా నా మనవి, ఆ వారం పది రోజులు కేసు ఊసు ఎత్తకండి.

అసలు సంగతి విచారణ అయ్యాక, తీర్పు కోసం జ్యూరీని విడిగా కూర్చోబెట్టే గదిలో మొదలవుతుంది. కూర్చోగానే చేతులెత్తించి ఓటు పెట్టనివ్వొద్దు. ఒకసారి అందరి ముందూ చెయ్యెత్తాక మనిషికి పట్టుదల వస్తుంది, తన మాట దించుకోవడం కష్టం. ముందు అందరూ తలా ఒకసారి ఏ సాక్ష్యం నమ్మారో, ఏది నమ్మలేదో చెప్పాక ఓటు పెట్టుకోవడం మేలు, అది కూడా మొదటిసారి చీటీల మీద.

దీన్ని మేం సంక్రాంతికి ఇంట్లో చేసి చూశాం. మావాడు వచ్చాడు కదా అని అరుగు మీద 12 మందిని కూర్చోబెట్టి నేను ఒక కేసు కల్పించి చెప్పాను. రొయ్యల చెరువు మీద నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ మోటారుని ఎవరో ఎత్తుకుపోయారు. పక్క చెరువు కాపలా మనిషి, తెల్లవారుజామున గట్టు మీద ముద్దాయి మోపెడ్ మీద మూటతో పోతుంటే చూశానన్నాడు. మోటారు పాత ఇనప సామాన్ల కొట్లో దొరికింది, అమ్మింది ఎవరో కొట్టువాడు చెప్పలేకపోయాడు. చీటీలు తీస్తే 10 మంది దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరిలో మా వదిన ఒకరు. ఆవిడ అడిగిందల్లా ఒకటే, "పుష్యమాసం మంచులో గట్టు మీద మొహం కనపడుతుందా? మొన్న భోగి మంట దగ్గరికి వస్తుంటే నాలుగు అడుగుల్లో మీ అన్నయ్యనే నేను గుర్తుపట్టలేదు" అని. అప్పటిదాకా ఎవరికీ ఆ మంచు గుర్తు రాలేదు, మంచులో పుట్టి పెరిగినవాళ్లం అయ్యుండి కూడా. 10 మంది చాలు అనే రూలు ఉండి ఉంటే ఆవిడ నోరు తెరిచేలోపే కేసు అయిపోయేది. గంటన్నర మాట్లాడుకున్నాక 11 మంది రుజువు కాలేదు అన్నారు. అన్నయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఆ మోపెడ్ చప్పుడు రోజూ వినేవాడికి మొహం కనపడక్కర్లేదన్నది ఆయన వాదన. సరే, తేలలేదని రాసుకుని భోజనాలకి లేచాం. మావాడు అన్నాడు, "నాన్నని బలవంతంగా ఒప్పించి ఉంటే మనం చేసింది పంచాయతీ ఏకగ్రీవమే కదా బాబాయ్" అని. వాడికి అర్థమైందని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

మీరే ఆ ఒంటరి మనిషి అయితే, "నాకెందుకో అనిపిస్తోంది" అని ఆగిపోవద్దు. ఏ సాక్షి చెప్పిన ఏ మాట దగ్గర మీకు అడ్డం పడుతోందో చెప్పండి. అనుమానానికి ఒక కారణం ఉండాలి. కావాలంటే ఫలానా సాక్ష్యం మళ్లీ చూపించమని, చట్టంలో ఫలానా మాటకి అర్థం చెప్పమని జడ్జిగారికి చీటీ రాసి పంపొచ్చు, అది ఫోర్‌పర్సన్, అంటే జ్యూరీ తరఫున మాట్లాడే జ్యూరర్, ద్వారా వెళ్తుంది. ఎదుటివాళ్లు చెప్పింది నిజంగా నచ్చితే మారండి, అందులో తప్పు లేదు. శుక్రవారం సాయంత్రం అయిందని, పార్కింగ్ టైమ్ అయిపోతోందని, అందరూ మొహం చిట్లిస్తున్నారని మాత్రం మారొద్దు. అవతల ఒక మనిషి జీవితం ఉంది.

మీరు 11 మందిలో ఉంటే మీ పని ఇంకా కష్టం. ఆ ఒక్కరినీ చుట్టూ చేరి నొక్కేయడం తేలిక. దానికి బదులు ఆ మనిషి వాదనని మీ మాటల్లో మీరే ఒకసారి చెప్పి చూడండి, సరిగ్గా చెప్పలేకపోతే మీరింకా వినలేదన్నమాట.

ఎంతకీ తేలకపోతే జడ్జిగారు ఒకసారి మళ్లీ లోపలికి పంపి ఆలోచించమనొచ్చు, ఇలా చెప్పడాన్ని 1896లోనే సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అప్పటికీ కాకపోతే హంగ్ జ్యూరీ అంటారు. అది నిర్దోషి అన్నట్టు కాదు, ప్రాసిక్యూషన్ మళ్లీ కొత్త జ్యూరీ ముందు కేసు నడపొచ్చు. దాన్ని మీ తప్పుగా తీసుకోవద్దు. ఇదంతా క్రిమినల్ కేసుల సంగతి. సివిల్ దావాల్లో చాలా రాష్ట్రాల్లో అందరూ ఒప్పుకోనక్కర్లేదు, ఎంతమంది కావాలో జడ్జిగారు చెప్తారు.

తీర్పు చదివాక లాయర్లు కోరితే జ్యూరర్లని ఒక్కొక్కరినే నిలదీసి అడుగుతారు, ఇది నీ తీర్పేనా అని. ముద్దాయి అక్కడే ఎదురుగా ఉంటాడు. ఆ క్షణంలో అవునని గొంతు పెగలకపోతే అప్పుడైనా కాదని చెప్పొచ్చు, జడ్జిగారు మిమ్మల్నందరినీ మళ్లీ గదిలోకి పంపే వీలుంది.