మూతపడిన వేదిక నుంచి నా కథని ఇలా కాపాడుకున్నాను

2018లో, ఇక్కడ అమెరికాలో నేను రాస్తున్న లైసెన్స్ ఉన్న ఫ్యాన్ ఫిక్షన్ (వేరే రచయితల పాత్రలతో అభిమానులు రాసే కథలు) వేదికని మూసేస్తున్నామని మెయిల్ వచ్చింది. పదివేల పదాలు దాటిన కథకి 35 శాతం రాయల్టీ వచ్చేది, పైగా ఆ పాత్రలు వాడుకోవడానికి అనుమతి ముందే ఉండేది కాబట్టి నిశ్చింతగా రాసుకునేదాన్ని. రెండు రాత్రులు నిద్ర లేదు.

ముందు ఫైళ్లు, పాఠకుల సమీక్షలు, అమ్మకాల లెక్కలు అన్నీ దాచుకున్నాను. తర్వాత ఒప్పందం మళ్లీ చదివాను. కథలో ఏది ఎవరిదో తేల్చుకోవడానికి మొత్తం ప్రింట్ తీసి రెండు రంగుల పెన్నులతో కూర్చున్నాను: ఊరు, పోలీసు అధికారి, అతని పాత ట్రక్కు అసలు రచయిత్రివి, వాటికి ఎరుపు; నర్సు, ఆమె తమ్ముడు, వంటింట్లో రాత్రంతా కారే కుళాయి నావి, వాటికి నీలం. నీలమే ఎక్కువుంది, ప్రాణం లేచొచ్చింది.

పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకోవద్దు. పాఠకులకి ముందే తెలుసు కదా అని ఆ అధికారి ఎవరో, ఎందుకంత ముభావంగా ఉంటాడో నేనెక్కడా రాయలేదు. ఆ పాత్రని తీసేసి, నర్సు ఇంటి పక్కన అద్దెకుండే కొత్త మనిషిని పుట్టించి, అతని గతం మొదటి నుంచీ అల్లుకోవాల్సి వచ్చింది. నాలుగు నెలలు పట్టింది, పన్నెండు వేల పదాల కథ ముప్పై వేలయింది. కొత్త అట్టతో నేనే ప్రచురించుకున్నాను.