కిడ్నీ గడ్డకు సీటీ స్కాన్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు దరఖాస్తు విధానం

అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలో గడ్డ కనిపించిందంటే తర్వాత తీయాల్సింది సీటీ స్కాన్. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మనవాళ్లు చాలామంది ఆయుష్మాన్ కార్డు పట్టుకుని నేరుగా ప్రైవేటు స్కాన్ సెంటర్‌కు వెళ్లి, కార్డు చెల్లదని తెలిసి చేతి డబ్బు కట్టి వస్తుంటారు. ఆ కార్డు ఆసుపత్రిలో చేరినవాళ్లకు. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు కూడా ప్యాకేజీలోనే వస్తాయి. అంతేగానీ బయట విడిగా తీయించుకునే స్కాన్‌కు అది పనికిరాదు.

స్కాన్‌కు దారి వేరే ఉంది. ఒడిశా ప్రభుత్వ ‘నిదాన్’ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగ నిర్ధారణ పరీక్షలు ఉచితం. ముందు ఓపీ చీటీ తీసుకుని డాక్టరుకు చూపించాలి. ఆయన రాసిచ్చే స్కాన్ చీటీయే మీ దరఖాస్తు. బరంపురం, పర్లాకిమిడి వాళ్లు ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి, జయపురం వైపు వాళ్లు కోరాపుట్‌లోని సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీకి వెళ్లవచ్చు. మీరు చూపించుకున్న చోట సీటీ లేకపోతే రిఫరల్ చీటీ రాయించుకోకుండా కదలొద్దు.

ఆ చీటీ మీద ఏం రాసి ఉందో చూసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. ‘కడుపు సీటీ’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. గడ్డ ఏ కిడ్నీలో, ఎంత సైజులో ఉంది, మూత్రంలో రక్తం ఎప్పటినుంచి పడుతోంది, ఇవన్నీ రాయించండి. కిడ్నీ గడ్డకు స్కాన్ దశలవారీగా తీస్తారు. మొదట మందు ఎక్కించకుండా, తర్వాత కాంట్రాస్ట్ మందు (బొమ్మ స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించి వేర్వేరు సమయాల్లో. మందు ఎక్కించక ముందే గడ్డలో కొవ్వు కనిపిస్తే అది చాలావరకు యాంజియోమయోలిపోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. కాకపోతే 4 సెంటీమీటర్లు దాటినవాటికి లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. ఆంకోసైటోమా అనే, క్యాన్సర్ కాని మరో గడ్డ మాత్రం సీటీలో క్యాన్సర్ లాగే కనిపించవచ్చు. అందుకే రిపోర్టు చేతికి రాగానే బెంబేలు పడొద్దు.

సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) సంగతి కూడా చీటీ మీద తప్పకుండా రాయించండి. మన జిల్లాల్లో సికిల్ సెల్ ట్రెయిట్, అంటే ఆ జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. పైకి ఏ జబ్బూ ఉండదు కాబట్టి వాళ్లకే తెలియదు. రీనల్ మెడుల్లరీ కార్సినోమా అనే అరుదైన క్యాన్సర్ దాదాపుగా ఈ ట్రెయిట్ ఉన్నవాళ్లకే, అదీ వయసులో ఉన్నవాళ్లకే వస్తుంది. ఎక్కువగా కుడి కిడ్నీలో, మధ్య భాగంలో మొదలై చాలా వేగంగా పాకుతుంది. మూత్రంలో రక్తం పడితే ‘రాయేలే’ అనుకుని నెలల తరబడి మందులు మింగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ట్రెయిట్ ఉన్నవాళ్లకు క్యాన్సర్ లేకుండా కూడా రక్తం పడుతుంది, కాబట్టి టెన్షన్ పడి నిద్ర మానుకోవద్దు. స్కాన్ మాత్రం వాయిదా వేయొద్దు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్ష చేయించుకుని కార్డు తీసుకుని ఉంటే దాని జిరాక్సు జతచేయండి.

స్కాన్‌కు ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే) పరీక్ష రిపోర్టు అడుగుతారు. గతంలో కాంట్రాస్ట్ పడకపోయినా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి. ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలో స్కాన్ గదిలోనే అడిగి రాసుకోండి.

ఇక ఆపరేషన్ అవసరమైతే ఆయుష్మాన్ కార్డు కావాలి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు మరో 5 లక్షలు. రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఓటీపీతోనో, ముఖం చూపించో ఈకేవైసీ (గుర్తింపు ధృవీకరణ) పూర్తి చేయవచ్చు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వయ వందన కార్డు ఇస్తారు.

మనకు చిక్కు వచ్చేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఒడియాలో రాసిన రేషన్ కార్డులో పేరు మాత్రమే ఉండి చివర ‘రావు’ తగిలిస్తారు. రెండూ ఒకటిగా కలవకపోతే దరఖాస్తు వెరిఫికేషన్‌కు వెళ్లి ఆగిపోతుంది. ఆపరేషన్ తేదీ పడ్డాక పరిగెత్తే బదులు, స్కాన్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే రేషన్ కార్డులో పేరు సరిచేయించుకోండి.

చాలామందికి విశాఖే దగ్గర. అక్కడ ఎన్టీఆర్ వైద్య సేవ అనే ఉచిత వైద్య పథకం ఆంధ్రా కుటుంబాలది, మనకు వర్తించదు. ఆసుపత్రి హెల్ప్ డెస్కులో ‘ఒడిశా ఆయుష్మాన్ కార్డు, పోర్టబిలిటీ కింద తీసుకుంటారా?’ అని, అంటే వేరే రాష్ట్రం కార్డు ఇక్కడ చెల్లుతుందా అని, చేరకముందే అడగండి. అనుమానం ఉంటే 14555కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. ఫిల్ముల మీద అన్ని దశల బొమ్మలూ ఉండవు, సీడీ లేకపోతే అక్కడ మళ్లీ స్కాన్ తీయమంటారు.