నెట్‌వర్క్ షేర్‌ను సింక్‌లో చేర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేర్వేరు కంప్యూటర్లలోని ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్ సాఫ్ట్‌వేర్‌కు నెట్‌వర్క్ షేర్‌ను, అంటే మరో కంప్యూటర్‌లో ఉండి నెట్‌వర్క్ ద్వారా మనం వాడే ఫోల్డర్‌ను, అప్పగించే ముందు, అందులోని మార్పులు దానికి ఎలా తెలుస్తాయో నిర్ధారించుకోవాలి. ఫైళ్లలో మార్పులను ప్రోగ్రామ్‌లకు తెలియజేసే లినక్స్‌లోని ఐనోటిఫై అనే ఏర్పాటు, ఎన్ఎఫ్ఎస్ లేదా ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతులు) షేర్‌లో మన కంప్యూటర్ నుంచి జరిగిన మార్పులనే గమనిస్తుంది; అదే ఫైలును మరో కంప్యూటర్ నుంచి ఎవరైనా దిద్దితే ఆ కబురు దానికి అందదు. అందువల్ల నిర్ణీత వ్యవధిలో పూర్తి స్కాన్ జరిగే ఏర్పాటును తప్పక ఉంచండి. వీలుంటే సాఫ్ట్‌వేర్‌ను ఫైళ్లున్న సర్వర్‌లోనే నడపడం అన్నిటికంటే మేలు.

విండోస్‌లో సర్వర్ నుంచి మార్పుల సమాచారం వచ్చినా, నెట్‌వర్క్ మీద దాన్ని తాత్కాలికంగా ఉంచే బఫర్ 64 కిలోబైట్లకు మించరాదు. ఒకేసారి వేల ఫైళ్లు కాపీ చేస్తే అది నిండిపోయి కొన్ని మార్పుల జాడ పోవచ్చు, కాబట్టి అలాంటి పని తర్వాత మీరే ఒకసారి స్కాన్ చేయించండి. ఏ ప్రతి కొత్తదో ఫైలు సమయాన్ని బట్టి తేల్చే అవకాశం ఉంది కాబట్టి, సర్వర్, మీ కంప్యూటర్ గడియారాలు కూడా సరిచూడండి.

అసలు ప్రమాదం షేర్ మౌంట్ కానప్పుడు, అంటే మన కంప్యూటర్‌కు జతకానప్పుడు, వస్తుంది. ఖాళీగా కనిపించిన ఫోల్డర్‌ను చూసి, ఫైళ్లన్నీ ఎవరో తొలగించారని సాఫ్ట్‌వేర్ భావించి, మిగతా కంప్యూటర్లలోని ప్రతులనూ తుడిచివేయవచ్చు. ఇందుకే సింక్‌థింగ్ అనే సింక్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఒక గుర్తును ఉంచి, అది కనిపించకపోతే సింక్ ఆపేస్తుంది. మీరు వాడేదానికి అలాంటి రక్షణ ఉందో లేదో, ఏళ్ల తరబడి దాచుకున్న ఫోటోలను అప్పగించక ముందే, నమూనా ఫైళ్లతో పరీక్షించండి.